రన్‌వే గీత చూపించి అమ్మాలి

హైదరాబాద్ శివార్లలోని శంషాబాద్, తుక్కుగూడ, ఆదిబట్ల వైపు వస్తున్న అపార్ట్‌మెంట్ల ప్రకటనల్లో ముందుగా కనిపించే మాట ‘విమానాశ్రయానికి పది నిమిషాలు’. ఆ పది నిమిషాలు విమానాశ్రయానికి ఏ దిక్కున ఉన్నాయో మాత్రం బ్రోచర్లు చెప్పవు. కొనేవారి నిద్ర, పిల్లల చదువు, రేపు మళ్లీ అమ్ముకునేటప్పుడు పలికే ధర ఆ దిక్కు మీదే ఆధారపడి ఉంటాయి.

2008 మార్చిలో శంషాబాద్‌లో మొదలైన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో రెండు రన్‌వేలున్నాయి. ఒకటి 4,260 మీటర్లు, మరొకటి 3,707 మీటర్లు. రెండూ తూర్పు పడమరలుగా వేసినవే. దిగే విమానం సాధారణంగా మూడు డిగ్రీల వాలులో వస్తుంది. అంటే రన్‌వే అంచుకు 10 కిలోమీటర్ల దూరంలో దాదాపు 520 మీటర్ల ఎత్తున, 5 కిలోమీటర్ల దగ్గర 260 మీటర్ల ఎత్తున ఎగురుతుంది. అందుకే రన్‌వేకు ఉత్తరంగా మూడు కిలోమీటర్లలో ఉన్న ఫ్లాటు కంటే, తూర్పున రన్‌వే వరుసలోనే ఎనిమిది కిలోమీటర్ల అవతల ఉన్న ఫ్లాటులో మోత ఎక్కువగా ఉండొచ్చు.

దీనికి గాలి కూడా తోడవుతుంది. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి గాలి వీస్తుంది కాబట్టి విమానాలు పడమరకు లేస్తాయి, తూర్పు నుంచి వచ్చి దిగుతాయి. చలికాలంలో గాలి తూర్పుకు తిరిగితే ఈ వరుస తారుమారవుతుంది. జులైలో చూసి ప్రశాంతంగా ఉందనుకుని అడ్వాన్సు ఇచ్చిన చోటు డిసెంబరులో వేరేలా ఉండొచ్చు. ఆదివారం మధ్యాహ్నం బిల్డర్ కారులో వెళ్లి చూసొస్తే ఇదేమీ తెలియదు. గల్ఫ్, యూరప్ సర్వీసుల్లో చాలా అర్ధరాత్రి దాటాక నడుస్తాయి.

కాబట్టి సొంతంగా చేయాల్సిన పని ఒకటుంది. ఫోన్‌లో ఉపగ్రహ పటం తెరిచి, రన్‌వే గీతను రెండు వైపులా 15 కిలోమీటర్ల వరకు పొడిగించాలి. ఆ గీత నుంచి ఫ్లాటు ఎంత పక్కకు ఉందో కొలవాలి. ఫ్లైట్‌రాడార్24 వంటి యాప్‌లో వేర్వేరు నెలల్లో విమానాలు ఆ చోటి మీదుగా ఎంత ఎత్తున వెళ్తున్నాయో చూడాలి. వానాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి రాత్రి 12 నుంచి 4 గంటల మధ్య అక్కడ నిలబడి వినాలి. జీవితకాలపు పొదుపు పెట్టేవారికి రెండు రాత్రుల నిద్ర పెద్ద ఖర్చు కాదు.

చట్టం ఇక్కడ పెద్దగా ఆదుకోదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. విమానాశ్రయాల చుట్టూ ఉండే శబ్ద మండలానికి మాత్రం కేంద్రం 2018లో వేరే ప్రమాణాలు పెట్టింది. ఏడాదికి 50 వేలకు మించి విమానాల రాకపోకలుండే విమానాశ్రయాల దగ్గర పగలు 70, రాత్రి 65 డెసిబెల్స్ వరకు అనుమతి ఉంది. శంషాబాద్ ఈ కోవలోకే వస్తుంది. డెసిబెల్ లెక్కలో పది పెరిగితే చెవికి మోత దాదాపు రెట్టింపుగా తోస్తుంది. పైగా ఇవి గంటల తరబడి తీసే సగటు అంకెలు. తెల్లవారుజామున మూడింటికి నిద్ర లేపే ఒక్క విమానం ఆ సగటులో కనిపించకుండా పోతుంది. యూరప్ కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు రాత్రిపూట విమానాల మోత 40 డెసిబెల్స్ లోపే ఉండాలన్నాయి. మన పరిమితికీ దానికీ మధ్య ఉన్న తేడాను కొనుగోలుదారుడే భరించాలి.

‘డబుల్ గ్లాస్ కిటికీలు పెట్టాం’ అని బిల్డర్ అంటే అక్కడితో ఆగకూడదు. రెండు అద్దాలూ ఒకే మందంలో ఉంటే ఒకే స్వరానికి రెండూ కలిసి కంపిస్తాయి. ఒకటి 6 మిల్లీమీటర్లుంటే మరొకటి 8 లేదా 10 ఉండాలి. వాటిలో ఒకటి మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ అద్దమైతే మేలు. పక్కకు జరిపే స్లైడింగ్ కిటికీల్లో బ్రష్ సీలు సందుల్లోంచి గాలితో పాటు శబ్దమూ దూరుతుంది. రబ్బరు గాస్కెట్ మీద గట్టిగా బిగుసుకునే తలుపు రకం కిటికీలు నయం. బాత్‌రూమ్ వెంటిలేటర్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రంధ్రం, ఏసీ పైపు కన్నం సరిగా మూయకపోతే పడకగదికి పెట్టిన ఖర్చంతా వృథా. కిటికీ మూసి ఉన్నంతసేపే ఈ రక్షణ అని, ఏసీ కరెంటు బిల్లు ఏడాది పొడవునా తప్పదని ముందే లెక్క వేసుకోవాలి. కొన్నాక మార్చుకుందామంటే, బయటి రూపు మారుతుందని అసోసియేషన్ అడ్డుపడే అవకాశముంది.

మోత కంటే పెద్ద ప్రమాదం ఎత్తు అనుమతి. విమానాశ్రయానికి 20 కిలోమీటర్ల పరిధిలో కట్టే భవనాల ఎత్తును 2015 నాటి కేంద్ర నియమాలు నియంత్రిస్తాయి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఇచ్చే నిరభ్యంతర పత్రంలో (ఎన్‌ఓసీ) ఎత్తు నేల నుంచి ఉండదు, సముద్రమట్టం నుంచి ఉంటుంది. శంషాబాద్ విమానాశ్రయమే సుమారు 617 మీటర్ల ఎత్తున ఉంది. ఎన్‌ఓసీలో 660 అని ఉండి, స్థలం 615 మీటర్ల మీద ఉంటే కట్టుకోగలిగేది 45 మీటర్లే. లిఫ్టు గది, నీళ్ల ట్యాంకు, పిడుగు కడ్డీ, యాంటెన్నా అన్నీ అందులోనే ఇమడాలి. స్థలం ఎత్తును తక్కువ చేసి చూపిస్తే పై అంతస్తులు చట్టవిరుద్ధమవుతాయి. ముంబై విమానాశ్రయం దగ్గర పరిమితి మించిన 48 భవనాల పై భాగాలపై చర్య తీసుకోవాలని 2022లో బాంబే హైకోర్టు ఆదేశించింది. 2025 జూన్‌లో అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం వైద్య కళాశాల హాస్టల్‌పై కూలిన కొద్ది రోజులకే, అడ్డంకుల తొలగింపుపై కేంద్రం ముసాయిదా నియమాలు విడుదల చేసింది. పై అంతస్తు కొనేవారు ఎన్‌ఓసీ ప్రతిని అడిగి తీసుకుని, అందులోని అంకెను మంజూరైన ప్లానుతో పోల్చి చూడాలి.

ఇంతా చెప్పి, అక్కడ కొనవద్దని మేము అనడం లేదు. ఔటర్ రింగ్ రోడ్డు, పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే నగరాన్ని దగ్గర చేశాయి. సరుకు రవాణా, విమానాల మరమ్మతు, ఏరోస్పేస్ పరిశ్రమలు నిజమైన ఉద్యోగాలు తెచ్చాయి. షిఫ్టుల్లో పనిచేసే విమానయాన సిబ్బందికి, నెలలో పదిసార్లు ప్రయాణించే వారికి, రన్‌వే గీతకు దూరంగా ఉన్న ఫ్లాటు మంచి ఎంపిక. అద్దె కోసమే కొనే వారిది, ముఖ్యంగా గల్ఫ్, అమెరికాల నుంచి డబ్బు పంపే వారిది, వేరే లెక్క. ఉదాహరణకు 70 లక్షల ఫ్లాటుకు ఏడున్నర శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపితే 75.25 లక్షలు. నెలకు 18 వేల అద్దె వస్తే, ఒక నెల ఖాళీ, ఆస్తి పన్ను తీసేశాక ఏడాదికి మిగిలేది 1.9 లక్షలు. అంటే రెండున్నర శాతం. నిర్మాణంలో ఉన్నదైతే ఐదు శాతం జీఎస్టీ అదనం. ఇంటి రుణం వడ్డీకి ఇది ఏ మూలకూ చాలదు. మిగతాదంతా ధర పెరుగుతుందన్న ఆశే.

ఆ ఆశను అమ్మడానికి వాడే పేరు మెట్రో. రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మార్గానికి 2022 డిసెంబరు 9న శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, ఆ మార్గం పక్కకు పోయి నాగోలు, ఎల్బీ నగర్, చాంద్రాయణగుట్ట మీదుగా కొత్త మార్గం ముందుకొచ్చింది. పాత మార్గాన్ని నమ్మి ఎక్కువ ధర పెట్టినవారి నష్టానికి జవాబుదారీ ఎవరూ లేరు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల రక్షణకు చుట్టుపక్కల నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో వచ్చిన జీవో 111 సంగతీ అంతే. శంషాబాద్ మండలంలోని పలు గ్రామాలు అందులోని 84 గ్రామాల జాబితాలో ఉన్నాయి. 2022లో సడలింపు జీవో వచ్చింది, 2023 మేలో మంత్రివర్గం రద్దుకు నిర్ణయించింది. అయితే మంత్రివర్గ నిర్ణయం మీ సర్వే నంబరుకు నిర్మాణ అనుమతి కాదు. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) మంజూరు చేసిన ప్లాను, స్థిరాస్తి నియంత్రణ సంస్థ (రెరా) ఇచ్చే నంబరు చేతిలో పడేదాకా డబ్బు కదపకూడదు.

పౌరులు పటాలు గీసుకుని, అర్ధరాత్రి నిలబడి తెలుసుకోవాల్సిన స్థితి మాత్రం న్యాయం కాదు. పెద్ద విమానాశ్రయాలు శబ్ద పటాలు తయారు చేయాలని పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) నిబంధనల్లోనే ఉంది. ఆ పటాన్ని హెచ్‌ఎండీఏ తన మాస్టర్ ప్లానులో గ్రామాల వారీగా, సర్వే నంబర్లతో తెలుగులో ప్రచురించాలి. 20 కిలోమీటర్ల పరిధిలోని ప్రతి ప్రాజెక్టు పేజీలో రన్‌వే గీత నుంచి దూరం, శబ్ద మండలం, ఎన్‌ఓసీలోని ఎత్తు ఉంటేనే తెలంగాణ రెరా నంబరు ఇవ్వాలి. అవే అంకెలు అమ్మకపు ఒప్పందంలోనూ ఉండాలి. విజయనగరం జిల్లాలో కొత్త విమానాశ్రయానికి ఎంచుకున్న భోగాపురం చుట్టూ ప్లాట్లు, ఫ్లాట్ల వ్యాపారం ఊపందుకున్నందున ఆంధ్రప్రదేశ్ రెరా కూడా ఈ నిబంధనను ఇప్పుడే తేవాలి. అక్కడ ఇంకా చాలామంది సంతకాలు చేయాల్సి ఉంది.