అవిల్ మాత్ర, సున్నం, నిమ్మరసం: ఆ మెసేజ్ నమ్మకండి

జీడితోటల్లో పిక్కలు ఏరే రోజులు వచ్చాయి. ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగరం, గుమ్మ వైపు మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "తేనెటీగ కుట్టినా, రొయ్యలు పడకపోయినా, మందు వికటించినా టెన్షన్ వద్దు. ఒంటిమీద దద్దుర్లు లేకపోతే అది ఎలర్జీ కాదు. కుట్టినచోట సున్నం రాయండి. అవిల్ మాత్ర వేసి, మనిషిని లేపి కూర్చోబెట్టి నిమ్మరసం తాగించండి. ఆసుపత్రిలో అడ్రినలిన్ వేస్తారు, అది గుండెకి ప్రమాదం. ఇంతకుముందు ఏమీ కానివాళ్ళకి ఇప్పుడూ ఏమీ కాదు. గంటలో తగ్గిపోతుంది."

దీన్ని నమ్మి ఇంట్లో కూర్చుంటే ప్రాణాలు పోతాయి. మందుల షాపులో పనిచేస్తాను కాబట్టి ఈ మెసేజ్ ఏం చేస్తోందో కౌంటర్ దగ్గరే చూస్తున్నాను.

ముందు అవిల్ సంగతి. మొన్న ఒకాయన ఫోన్ తెరిచి ఈ మెసేజే చూపించి, "బాబూ, ఒక అవిల్ ఇయ్యండి, మా పాపని తేనెటీగ కుట్టింది" అన్నారు. పాప బయట ఆటోలో ఉంది. వెళ్ళి చూస్తే పెదవులు ఉబ్బిపోయి, గొంతు బొంగురుపోయి, ఆగకుండా దగ్గుతోంది. "ఇది మాత్రతో పోయేది కాదండీ, పాపని నడిపించకండి" అని, సీటు మీద కాళ్ళు చాపించి, అదే ఆటోలో ఆసుపత్రికి పంపించాం. తొడకి ఇంజెక్షన్ పడ్డాక తేరుకుంది.

అవిల్ అంటే ఫెనిరమైన్. హిస్టమిన్ అనే ఒక్క రసాయనాన్ని అది అడ్డుకుంటుంది. దురద, దద్దుర్లు తగ్గిస్తుంది, అంతవరకే. మూసుకుపోతున్న గొంతుని తెరవలేదు, పడిపోతున్న బీపీని లేపలేదు. పైగా మాత్ర మింగాక పనిచేయడానికి అరగంటో గంటో పడుతుంది. అంత వ్యవధి ఉండదు. బ్రిటన్‌లో తీవ్ర ఎలర్జీతో చనిపోయినవాళ్ళ వివరాలు పరిశీలించి పంఫ్రీ అనే వైద్యుడు 2000లో ప్రచురించాడు. గుండె గానీ ఊపిరి గానీ ఆగిపోవడానికి ఆహారం వల్లయితే సుమారు 30 నిమిషాలు, కీటకం కుడితే 15, ఇంజెక్షన్ మందు వికటిస్తే 5 నిమిషాలే పట్టినట్టు తేలింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా ఆ నిమిషాల్లో ఆదుకోదు, దానికి గంటలు కావాలి.

ఆ సమయంలో పనిచేసేది అడ్రినలిన్ ఒక్కటే. వదులైపోయిన రక్తనాళాలను బిగించి బీపీ లేపుతుంది, వాపు తగ్గిస్తుంది, ఊపిరితిత్తుల గొట్టాలను తెరుస్తుంది. తొడ బయటివైపు కండలో వేస్తారు. పెద్దవాళ్ళకి 0.5 మిల్లీగ్రాములు, పిల్లలకి బరువుని బట్టి కిలోకి 0.01 మిల్లీగ్రాములు. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాల్లో మళ్ళీ వేస్తారు. గుండె దడ, చేతుల వణుకు కాసేపు ఉంటాయి, తగ్గిపోతాయి. నరంలోకి ఎక్కువ మోతాదు పడితే ప్రమాదమన్న మాట నిజమే. కండలో వేసే ఈ మోతాదుకి ఆ భయం అంటగట్టకూడదు. గుండెజబ్బు ఉన్నవాళ్ళకైనా ఈ పరిస్థితిలో వేయాల్సిందే. 2021లో కోవిడ్ టీకా వేసుకున్నాక మనందరినీ 30 నిమిషాలు కూర్చోబెట్టింది ఇలాంటి రియాక్షన్ వస్తే వెంటనే ఇది వేయడానికే. జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్న మందు ఇది. దీనికోసం బరంపురం పెద్దాసుపత్రి దాకా పరిగెత్తనక్కర్లేదు. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికి వెళ్ళండి. సరిహద్దు ఊళ్ళవాళ్ళకి పాతపట్నం దగ్గరైతే పాతపట్నమే వెళ్ళండి. ఒడిశానా ఆంధ్రానా అని ఆలోచించే సమయం కాదు.

దద్దుర్లు లేకపోతే ఎలర్జీ కాదన్న మాటా తప్పే. నూటికి పది ఇరవై మందిలో చర్మం మీద ఏమీ కనిపించదు. కుట్టిన తర్వాతో, పడనిది తిన్న తర్వాతో గొంతు బిగిసినట్టు ఉండటం, పిల్లికూతలు, నాలుక వాపు, కళ్ళు తిరగడం, ఆగని వాంతులు, కడుపు మెలిపెట్టడం, చిన్నపిల్లలు ఉన్నట్టుండి వాలిపోవడం కనిపిస్తే దద్దుర్ల కోసం చూడకండి.

లేపి కూర్చోబెట్టమనడం అన్నిటికంటే నన్ను భయపెట్టిన మాట. బీపీ పడిపోయిన మనిషిని ఒక్కసారిగా లేపితే గుండెకి చేరాల్సిన రక్తం కాళ్ళలోనే ఉండిపోతుంది. అలా లేపగానే ప్రాణం పోయిన సందర్భాలను పంఫ్రీయే 2003లో నమోదు చేశాడు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టండి. ఊపిరి అందకపోతే కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. వాంతి అవుతున్నా, స్పృహ లేకపోయినా పక్కకి తిప్పండి. గర్భిణి అయితే ఎడమవైపుకి. తగ్గినట్టు అనిపించినా ఆటో దాకా నడిపించకండి, ఎత్తుకెళ్ళండి. నిమ్మరసమే కాదు, గొంతు వాచిన మనిషి నోట్లో నీళ్ళు కూడా పోయకండి.

సున్నం రాస్తే విషం విరగదు. తేనెటీగ ముల్లు ఒంట్లో ఉండిపోతే గోటితోనైనా తీసేయండి, ఎలా తీశామన్నది కాదు, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. కందిరీగ తన ముల్లుని ఒంట్లో వదిలిపెట్టదు. తేనెపట్టు కదిలి గుంపుగా కుడితే ఎలర్జీ లేనివాళ్ళకీ కిడ్నీలు దెబ్బతినవచ్చు, వాళ్ళూ ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంతకుముందు ఏమీ కాలేదు కదా అంటారు. ఎలర్జీ తరచూ అలాగే వస్తుంది. 1902లో ఫ్రాన్స్‌లో షార్ల్ రిషే, పాల్ పోర్టియే సముద్రజీవి విషంతో కుక్కల మీద ప్రయోగాలు చేశారు. మొదటి మోతాదు తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తర్వాత మళ్ళీ అదే విషం ఎక్కిస్తే నిమిషాల్లో చనిపోయింది. ఆ పరిశోధనకే రిషేకి 1913లో నోబెల్ వచ్చింది. మొదటిసారి ఒళ్ళు ఆ పదార్థాన్ని గుర్తుపెట్టుకుంటుంది, తర్వాతి సారి విరుచుకుపడుతుంది.

ఇక గంటలో తగ్గిపోవడం. కొందరికి తగ్గినట్టే తగ్గి, కొన్ని గంటలకి మళ్ళీ తిరగబెడుతుంది. ఇంజెక్షన్ పడగానే ఇంటికి వెళ్ళిపోతామని డాక్టర్‌ని తొందరపెట్టకండి, ఉండమన్నంతసేపు ఉండండి. వచ్చేటప్పుడు ఏది పడలేదో ఇంగ్లీషులో చీటీ రాయించుకుని ఫోన్ కవర్‌లో పెట్టుకోండి. ఒడియా చీటీ శ్రీకాకుళంలో, తెలుగు చీటీ బరంపురంలో చదివేవాళ్ళు దొరకకపోవచ్చు.