ఆ పెట్టె తెరవకపోవడమే సరి

చేతుల్లోంచి గోళ్లు దూసే కామిక్స్ హీరో వుల్వరిన్‌ను సినిమాల్లో లోగాన్ అని పిలుస్తారు. పదేళ్లు దాటినా అతని అభిమానుల మధ్య ఒక వాదన తెగడం లేదు. జేమ్స్ మ్యాంగోల్డ్ దర్శకత్వంలో 2013లో వచ్చిన ‘ది వుల్వరిన్’కు మరో ముగింపు కూడా చిత్రీకరించారు. థియేటర్లకు వచ్చేసరికి దాన్ని తీసేశారు. అందులో, విమానంలో కూర్చున్న లోగాన్ చేతికి, అతన్ని జపాన్‌కు తీసుకెళ్లిన యుకియో అనే అమ్మాయి ఒక పెట్టె ఇస్తుంది. మూత తీస్తే బ్రౌన్, పసుపు రంగుల కాస్ట్యూమ్, దాంతోపాటు ముసుగు. కామిక్స్ చదివినవాళ్లు చూడగానే గుర్తుపట్టే వేషం అది. లోగాన్ దాన్ని చూస్తాడు, వేసుకోడు. సన్నివేశం అక్కడితో అయిపోతుంది. తర్వాత ఇంట్లో చూసుకునే డిస్కులతోపాటు బయటికొచ్చిన ఆ కాసేపటి దృశ్యమే అసలు ముగింపుగా ఉండాల్సిందని చాలామంది ఇప్పటికీ అంటున్నారు. మేం ఒప్పుకోం. ఆ సన్నివేశం చూడటానికి బాగుంటుంది కానీ, ఆ సినిమాలో లోగాన్ నడిచిన దారికి అతకదు.

అలాగని అభిమానుల కోరికను తేలిగ్గా తీసిపారేయలేం. వుల్వరిన్ 1974లో హల్క్ కామిక్‌లో తొలిసారి కనిపించాడు, మరుసటి ఏడాది ఎక్స్‌మెన్ అనే అతీత శక్తుల బృందంలో చేరాడు. పసుపు, నీలం వేషంతో మొదలైన అతనికి 1980లో చిత్రకారుడు జాన్ బర్న్ బ్రౌన్ రంగు కాస్ట్యూమ్ ఇచ్చాడు. సినిమాకు వచ్చేసరికి ఇదంతా పోయింది. 2000లో వచ్చిన మొదటి ‘ఎక్స్‌మెన్’లో అందరికీ నల్ల లెదర్ దుస్తులు తొడిగారు. ఇదేం వేషమని లోగాన్ విసుక్కుంటే, పసుపు స్పాండెక్స్ అయితే నచ్చేదా అని అదే బృందంలోని సైక్లాప్స్ ఎగతాళి చేస్తాడు. చిన్నప్పటి నుంచి తాము ప్రేమించిన రూపాన్ని తెరమీద ఒక జోక్‌గా మార్చేశారని కామిక్స్ అభిమానులు బాధపడటంలో తప్పేముంది? ఆ తర్వాత పదమూడేళ్లకు అదే రంగు ఒక పెట్టెలోంచి తొంగిచూస్తే గుండె వేగం పెరగడం సహజం.

కానీ ప్రేక్షకుడి నిరీక్షణ వేరు, పాత్ర ప్రయాణం వేరు. ముగింపు తీర్చాల్సింది రెండోదాని బాకీ.

లోగాన్‌ను అందరూ ఒంటరివాడు అంటారు. ఎలాంటి ఒంటరితనం అతనిది? మనుషులంటే పడక దూరంగా ఉండేవాడు కాదు. సినిమా మొదట్లో అతను కెనడాలోని యూకాన్ అడవుల్లో గడ్డం పెంచుకుని, ఎవరి కంటా పడకుండా బతుకుతుంటాడు. ఇక ఎవరినీ చంపనని ఒట్టు పెట్టుకున్నాడు. అయినా వేటగాళ్ల విషపు బాణం తగిలి నరకయాతన పడుతున్న ఎలుగుబంటిని చూడలేక దాని బాధ తీరుస్తాడు. అక్కడితో ఊరుకోక ఆ వేటగాళ్లను వెతుక్కుంటూ బార్‌కు వెళ్తాడు. లోకంతో నాకు పనిలేదు అనుకున్న మనిషి చేసే పని కాదిది. అతని భయం వేరే. తను ప్రేమించినవాళ్లు చనిపోతారు, తను మాత్రం మిగిలిపోతాడు. 2006 నాటి ఎక్స్‌మెన్ సినిమా చివర తను ప్రేమించిన జీన్ గ్రేను తన గోళ్లతో తనే చంపాల్సి వచ్చింది. ఆమె రోజూ కలలోకి వచ్చి తన దగ్గరికి రమ్మని పిలుస్తుంటుంది. మనుషులకు దూరంగా ఉంటే వాళ్లయినా బతుకుతారన్న లెక్కతోనే అతను అడవి పట్టాడు.

కాబట్టి ఈ సినిమా ముగింపు జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ మనిషి మళ్లీ ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోగలడా?

థియేటర్‌లో మనం చూసిన ముగింపు సూటిగా దీనికే జవాబు చెబుతుంది. కలలో జీన్‌కు వీడ్కోలు పలుకుతాడు. జపాన్‌లో అతను ప్రేమించిన మారికో చేతికి ఆమె తాత యషీదా కంపెనీ బాధ్యత వస్తుంది, ఆమె దగ్గరా సెలవు తీసుకుంటాడు. విమానం ఎక్కేటప్పుడు యుకియో వెంట వస్తుంది. నేను నీ బాడీగార్డ్‌ని అంటుంది, అతను వద్దనడు. ఇక్కడ యుకియో ఎవరన్నది చాలా ముఖ్యం. ఎదుటివాళ్ల చావు ముందే కనిపించే శక్తి ఆమెది. లోగాన్ వెల్లకిలా పడి, ఒళ్లంతా రక్తంతో, తన గుండెను తన చేత్తో పట్టుకుని ఉండటం ఆమె చూసింది, అతనికి చెప్పింది కూడా. తన పక్కనుండేవాళ్లు చనిపోతారని వణికే మనిషికి, చావును ముందే చూసి కూడా భయపడకుండా పక్కన కూర్చునే తోడు దొరికింది. ఒంటరి హీరో కథకు ఇంతకంటే సరిగ్గా సరిపోయే చివరి జోడీని ఊహించలేం. ఆ క్షణంలో మన చూపు ఆమె మొహం మీద, అతని మొహం మీద ఉండాలి. అక్కడ పెట్టె తెరిస్తే చూపంతా గుడ్డ మీదికి పోతుంది. ఆమె కాస్తా సామాను అందించే మనిషిగా మిగిలిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ సినిమా లోగాన్ దగ్గర ఉన్నవాటిని ఒక్కొక్కటీ ఊడబెరుక్కుంటూ పోతుంది. గాయాలు మానే శక్తి మధ్యలో పోతుంది, దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి తన గుండె మీద తనే కోత పెట్టుకోవాలి. చివరి పోరాటంలో విలన్ సిల్వర్ సమురాయ్, అడమాంటియం అనే లోహం తొడిగిన అతని గోళ్లను నరికేస్తాడు. వాటి చోట మళ్లీ ఎముక గోళ్లు మొలుస్తాయి. ఒకరు చేసి పెట్టిన ఆయుధం పోయి, పుట్టుకతో వచ్చినది మిగిలింది. ఇంత శ్రమపడి పై తొడుగులన్నీ తీసేసిన కథ చివరి నిమిషంలో కొత్త తొడుగు ఎందుకు తగిలించుకోవాలి?

తీసేసిన ముగింపు వైపు మాట్లాడేవాళ్ల దగ్గర ఒక మంచి వాదన ఉంది. దానికి మేం విలువ ఇస్తాం. సినిమా ఒక కానుకతో మొదలవుతుంది. 1945లో నాగసాకి మీద అణుబాంబు పడ్డప్పుడు లోగాన్ ఒక జపాన్ సైనికుడిని కాపాడతాడు, అతనే యషీదా. కృతజ్ఞతగా అతను తన కత్తి ఇవ్వబోతే, ప్రస్తుతానికి నీ దగ్గరే ఉంచమంటాడు లోగాన్. దశాబ్దాల తర్వాత యుకియో ఆ కత్తినే తీసుకుని అడవికి వస్తుంది, చావుబతుకుల్లో ఉన్న యషీదా దగ్గరికి జపాన్ రమ్మంటుంది. ఆ పిలుపు వెనుక ఉన్నది కృతజ్ఞత కాదు, లోగాన్ ఆయుష్షు మీద యషీదాకున్న ఆశ. మోసంతో వచ్చిన కానుకకు బదులుగా, అదే యుకియో చేతుల మీదుగా నిజమైన కానుక అందితే వృత్తం పూర్తవుతుంది కదా అంటారు. చక్కటి ఆలోచనే. రోనిన్ అన్న మాట, అంటే యజమాని లేని సమురాయ్, సినిమాలో వినిపిస్తుంది. అలాంటివాడికి మళ్లీ ఒక గుర్తు దొరికిందన్న అర్థమూ తీయొచ్చు.

కామిక్స్ నుంచి కూడా దీనికి మద్దతు తెచ్చుకోవచ్చు. ఈ సినిమాకు ఆధారం 1982లో క్రిస్ క్లేర్‌మాంట్ రాయగా ఫ్రాంక్ మిల్లర్ గీసిన నాలుగు సంచికల కథ. అది ఎక్స్‌మెన్‌కు వెళ్లిన లోగాన్, మారికోల పెళ్లి పిలుపుతో ముగుస్తుంది. జపాన్‌లో ఒంటరిగా పోరాడిన లోగాన్ ఆఖరికి తనవాళ్లను పిలుచుకుంటాడు. అంటే బృందం వైపు తిరగడం ఈ కథకు కొత్తేమీ కాదు.

అయితే ఆ పిలుపు పంపడంలో ఉన్న బలం ఈ పెట్టెలో లేదు. కామిక్‌లో పిలిచేది లోగాన్. సినిమా దృశ్యంలో అతను ఏమీ ఎంచుకోడు, ఒక వస్తువు వచ్చి ఒళ్లో పడుతుంది. పైగా ఆ కాస్ట్యూమ్ యూనిఫాం లాంటిది, దాని వెనుక ఒక బృందం ఉండాలి. ఆ సినిమా సాగినంతసేపూ ఎక్స్‌మెన్ అనే బృందం కథలో లేనే లేదు. మరి యుకియో ఆ వేషం ఎక్కడి నుంచి తెచ్చింది, ఎందుకు ఇచ్చింది? కామిక్స్ తెలిసిన ప్రేక్షకుడి జ్ఞాపకమే ఆ ఖాళీని నింపాలి. పాత్రకు తెలియని అర్థాన్ని ప్రేక్షకుడు బయటి నుంచి తెచ్చి పెట్టాల్సి వస్తే అది కథకు ముగింపు కాదు, రాబోయే సినిమాకు ప్రకటన.

ఇదే కొలతతో చూస్తే విడుదలైన సినిమానూ వదిలిపెట్టకూడదు. పేర్లు పడేటప్పుడు వచ్చే దృశ్యం ఈ ముగింపుకు పెట్టెకంటే ఎక్కువ నష్టం చేసింది. రెండేళ్ల తర్వాత ఒక ఎయిర్‌పోర్టులో లోగాన్ ముందుకు పాత శత్రువు మ్యాగ్నెటో వస్తాడు, చనిపోయాడనుకున్న ఎక్స్‌మెన్ గురువు ఛార్లెస్ గ్జేవియర్ వస్తాడు. థియేటర్‌లో ఈలలు పడ్డాయి. కానీ లోగాన్ పక్కన యుకియో లేదు. ఏమైందో ఎవరూ చెప్పలేదు. 2014 నాటి తర్వాతి సినిమాలోనూ ఆమె ప్రస్తావన రాలేదు. నరికేసిన అడమాంటియం గోళ్లు అందులో ఎలా తిరిగొచ్చాయని అభిమానులు పేజీలకు పేజీలు చర్చించారు. లోగాన్‌ను ఒంటరితనంలోంచి బయటికి లాక్కొచ్చిన మనిషి ఎటు పోయిందన్న ప్రశ్న అందులో పదోవంతు కూడా వినిపించలేదు. మాకు నిజంగా కోపం తెప్పించేది ఇదే. తీసేసిన ముగింపుల జాబితాలో పెట్టెను చేర్చి ఏడుస్తున్నాం. రెండు సినిమాల మధ్య చడీచప్పుడు లేకుండా తీసేసిన తోడును మాత్రం మరిచాం.

ఆ కాస్ట్యూమ్ ఆగినందువల్ల పోయిందేమీ లేదు. 2017లో మళ్లీ మ్యాంగోల్డే తీసిన ‘లోగాన్’లో ఆ రంగురంగుల బొమ్మలు లారా అనే చిన్నపిల్ల చేతిలోని కామిక్ పుస్తకాల్లో కనిపిస్తాయి. అందులో ఉన్నది చాలావరకు అబద్ధమని లోగాన్ చిరాకు పడతాడు. అంతకుముందే ఒక సినిమాలో పెట్టె తెరిచి కాస్ట్యూమ్ చూపించి ఉంటే ఆ చిరాకుకు పదును ఉండేది కాదు.

2024లో వచ్చిన ‘డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్’లో మొదటి సినిమా నుంచి లోగాన్‌గా నటించిన హ్యూ జాక్‌మన్ ఎట్టకేలకు పసుపు, నీలం వేషం కట్టాడు. ఆ లోగాన్ మరో లోకంవాడు. తనవాళ్లు వేసుకోమని బతిమాలినప్పుడు వేసుకోలేదు. అతను దగ్గర లేనప్పుడు వాళ్లందరూ చంపబడ్డారు. ఇప్పుడు ఆ బట్టలు విప్పడు. అల్లరి హాస్యంతో నిండిన సినిమా అది, అయినా ఆ మాటలు చెబుతున్నప్పుడు జాక్‌మన్ గొంతులో వణుకు ఆ వేషానికి మొదటిసారి బరువు తెచ్చింది. ఎవరు అడిగారు, ఎందుకు కాదన్నాడు, ఎందుకు వేసుకున్నాడు అన్న మూడింటికీ అక్కడ జవాబుంది. 2013 నాటి పెట్టె దగ్గర ఒక్కదానికీ లేదు.

2019లో ఫాక్స్ సంస్థతోపాటు ఎక్స్‌మెన్ సినిమా హక్కులూ డిస్నీ చేతికి వచ్చాయి. ఎప్పటికైనా కొత్త నటుడితో కొత్త లోగాన్ వస్తాడు, బహుశా మొదటి సన్నివేశంలోనే పసుపు రంగులో కనిపిస్తాడు. మాకు అభ్యంతరం లేదు. ఆ దుస్తులు అతనికి ఎవరిచ్చారో, వాళ్లను అతను ఎందుకు నమ్మాడో రచయితలు ముందు తేల్చుకోవాలి. యుకియో లాంటి మనిషిని అతని పక్కన మళ్లీ నిలబెడితే, రెండో సినిమాలోనూ ఆమెను అక్కడే ఉంచాలి.