మూన తిరగనివ్వండి

నారు ఊడ్చిన (నాటిన) చేనును మర్నాడు పొద్దున్నే చూసి పంట లెక్క కట్టే రైతు గోదావరి డెల్టాలో ఒక్కడూ ఉండడు. నారుమడిలో నవనవలాడిన మొక్కను పీకి, కట్ట కట్టి, వేరే చేలో నాటాక అది పాలిపోతుంది. ఆకు వాలిపోతుంది. వారం పది రోజులు చూస్తే బెంగ పుట్టేలా ఉంటుంది. లోపల కొత్త వేరు దిగాక ఆకు మళ్లీ నిటారుగా లేస్తుంది. అప్పుడు చేను మూన తిరిగిందంటాం. అప్పటిదాకా రైతు చేసేదల్లా నీరు పలచగా నిలిపి ఉంచడమే.

ఆ గట్ల మీద పెరిగిన పిల్లలే ఇవాళ అమలాపురంలో, భీమవరంలో శనివారం రాత్రి ఫోన్లో ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ చూస్తూ, మ్యాచ్ అరగంట కాకముందే వాట్సాప్ గ్రూపులో 'వేస్ట్ ప్లేయర్' అని తీర్పు ఇచ్చేస్తున్నారు. లండన్ క్లబ్బు ఆర్సెనల్‌కు స్ట్రైకర్‌గా, అంటే గోల్స్ కొట్టే ముందు వరుస ఆటగాడిగా, ఆడే విక్టర్ గ్యోకెరెస్ మీద వాళ్ల కోపం గురించి ఫుట్‌బాల్ చూసేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. పోర్చుగల్‌లో స్పోర్టింగ్ క్లబ్బుకు 102 మ్యాచ్‌ల్లో 97 గోల్స్ కొట్టి, 2025 జూలైలో లండన్ వచ్చాడు. ఆగస్టులో లీడ్స్ మీద రెండు కొట్టాడు, సెప్టెంబర్ 13న నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద ఒకటి. అక్కడి నుంచి అక్టోబర్ 21 దాకా క్లబ్బు తరఫున ఒక్క గోల్ లేదు. ఆ ఐదు వారాలకే 'పోర్చుగల్‌లో అయితే ఎవరైనా కొడతారు' అనే ముద్ర పడిపోయింది. ఆ ముద్ర తప్పు. అభిమానం కొద్దీ అంటున్న మాట కాదిది, ఆట చూసి అంటున్నాను.

స్ట్రైకర్ పనిలో ఎక్కువ భాగం బంతి లేకుండానే జరుగుతుంది. స్పోర్టింగ్‌లో ఆడినప్పటి గ్యోకెరెస్‌ను గుర్తు తెచ్చుకోండి. మధ్యలో తమవాడి కాలికి బంతి తగలగానే సెంటర్ డిఫెండర్‌కీ పక్క డిఫెండర్‌కీ మధ్యనున్న సందులోకి, ఎక్కువగా ఎడమ వైపు, పరుగు తీసేవాడు. రెండేళ్లు కలిసి ఆడినవాళ్లు కాబట్టి బంతి నేరుగా ఆ సందులోకే వచ్చేది. డిఫెండర్‌ను భుజంతో కాచుకుని, లోపలికి తిరిగి, కుడికాలితో కొట్టేవాడు. ఆర్సెనల్‌లోనూ అదే పరుగు తీస్తాడు. కానీ మిడ్‌ఫీల్డర్ చూపు ముందు కుడి పక్కనున్న సాకా మీదకే పోతుంది, ఏళ్ల నాటి అలవాటు. బంతి అటు వెళ్తుంది. గ్యోకెరెస్ ఆగి, వెనక్కి నడిచి, మళ్లీ మొదలుపెట్టాలి. ఈలోగా ఎదుటి జట్టు మొత్తం పెనాల్టీ బాక్సు ముందు గోడ కట్టేస్తుంది. పైగా ఇంగ్లండ్‌లో చిన్నచిన్న తోపులాటలకు విజిల్ ఊదరు. బంతి రాకముందే నడుముకు మోచెయ్యి తగులుతుంది, అర సెకను పోతుంది. ఆ అర సెకనులోనే గోల్ ఉంది. ఎప్పుడు పరుగు తీయాలో అతను నేర్చుకోవాలి, అతని పరుగును ఎప్పుడు చూడాలో జట్టు నేర్చుకోవాలి. రెండూ ఐదు వారాల్లో అయ్యే పనులు కావు.

ఇంతకంటే నన్ను పట్టేసిన విషయం అతని పాత చరిత్ర. ఈ మొక్క ఇంతకు ముందూ చేలు మారింది. 2018లో ఇంగ్లండ్ క్లబ్బు బ్రైటన్ అతన్ని కొనుక్కుని ప్రీమియర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు. జర్మనీలో సాంక్ట్ పౌలీకి, ఆ తర్వాత స్వాన్సీకి లోన్ మీద, అంటే కొంతకాలం ఆడమని అరువుగా, పంపింది. 2021 జనవరిలో రెండో డివిజన్‌లో ఉన్న కావెంట్రీకి, అదీ లోన్ మీదే. అక్కడ ఆ సగం సీజన్‌లో లీగ్‌లో కొట్టినవి 3 గోల్స్. ఆ మూడు చూసిన కావెంట్రీ, ఆ వేసవిలోనే అతన్ని సొంతానికి కొనుక్కుంది! తర్వాతి సీజన్ 17, ఆపై సీజన్ 21. అదే కాలు, అదే దేశం, అదే మొరటు ఆట. ఆ మూడు గోల్స్ వెనకున్న పరుగుల్ని చూడగలిగినవాళ్లు ఆ క్లబ్బులో ఎవరో ఉన్నారు.

జనవరి అంటే మనకు దాళ్వా (రబీ వరి) ఊడ్పుల కాలం. చలికి దాళ్వా మొక్క సార్వా (ఖరీఫ్) మొక్కంత తొందరగా అందుకోదు. అయినా డెల్టాలో ఎకరానికి నాలుగు బస్తాలు ఎక్కువ వచ్చేది దాళ్వాలోనే అని ఏ రైతైనా చెబుతాడు.

ఐవరీ కోస్ట్ స్ట్రైకర్ ద్రోగ్బా కథ తెలిసిందే. 2004లో మార్సెయ్ నుంచి చెల్సీకి వచ్చిన ఏడాది లీగ్‌లో 10 గోల్స్, రెండో ఏడాది 12, మూడో ఏడాది 20, లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి ఇచ్చే గోల్డెన్ బూట్. మన దేశం నుంచే చూసుకుంటే, మణిపూర్ స్ట్రైకర్ బాలాదేవి 2020 జనవరిలో స్కాట్లండ్‌లోని రేంజర్స్‌తో ఒప్పందం చేసుకుంది. విదేశీ క్లబ్బుతో ప్రొఫెషనల్ కాంట్రాక్టు కుదుర్చుకున్న తొలి భారత మహిళా ఫుట్‌బాలర్ ఆమే. మధ్యలో కోవిడ్ వచ్చి ఆటలు ఆగిపోయాయి. మొదటి గోల్ ఆ డిసెంబర్‌లో పడింది. పది నెలలు దాటాక!

కోట్లు పోసి కొన్నది మొదటి రోజు నుంచి కొట్టడానికే కదా, స్ట్రైకర్ డార్విన్ నునెజ్‌కు లివర్‌పూల్ మూడేళ్లు ఇచ్చింది, ఏం ఒరిగింది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పోర్చుగల్ క్లబ్బు బెన్ఫికాలో ఒక్క సీజన్‌లో 26 లీగ్ గోల్స్ కొట్టినవాడు లివర్‌పూల్‌లో 9, 11, 5 దగ్గర ఆగిపోయాడు. కొన్ని మొక్కలు కొత్త మట్టిలో నిలవవు. కానీ ఆ సంగతి తేలింది మూడో సీజన్‌లో. ఆరో వారంలో అతన్ని చూసి ఎవరూ చెప్పగలిగేవారు కాదు.

ఐదు వారాల్లో తీర్పు ఇచ్చే ఈ అలవాటు మన పిల్లలకు ఎక్కడ అబ్బిందో నాకు తెలుసు. వాళ్లకు జరిగిందీ అదే. పదో తరగతి ఫలితాలు రాగానే కోనసీమ ఊళ్ల నుంచి పదిహేనేళ్ల పిల్లల్ని విజయవాడ, హైదరాబాద్ హాస్టళ్లకు పంపుతాం. జెడ్పీ స్కూల్లో ఫస్ట్ వచ్చిన పిల్ల వెళ్తుంది. పక్క మంచం పిల్ల ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ చదివి వచ్చి ఉంటుంది. పాఠం సాగే వేగం వేరు, నిద్ర లేచే టైము వేరు, మాట్లాడే ఇంగ్లిష్ వేరు. మొదటి వారమే వీక్లీ టెస్ట్, ర్యాంకు నాన్న ఫోన్‌కు మెసేజ్. నెల తిరిగేసరికి ఆ ర్యాంకుల్ని బట్టి సెక్షన్ మారుస్తారు. సెక్షన్‌తో పాటు లెక్చరర్లు మారిపోతారు. మూన తిరగకముందే మొక్కను పీకి ఇంకో మడిలో గుచ్చడమే ఇది. చేలో నీరు ఎంత నిలపాలో వేలు పెట్టి చెప్పగల తండ్రి కూడా ఫోన్లో "ర్యాంకు ఎందుకమ్మా పడిపోయింది?" అనే అడుగుతున్నాడు.

కాలేజీల వాళ్లను నేను అడిగేది ఒక్కటే. దసరా సెలవుల దాకా ఏ పిల్లకీ సెక్షన్ మార్చకండి, ర్యాంకు ఇంటికి పంపకండి.

మా చెల్లెలి కూతురు రాజోలు దగ్గర పల్లె నుంచి అలాగే వెళ్లింది. ఆదివారం పది నిమిషాల ఫోన్. మొదట్లో మెస్‌లో చారు నీళ్లలా ఉందని, రూమ్‌మేట్ తనకు జడ వేస్తోందని కబుర్లు చెప్పేది. నాలుగో వారం దాటాక "బాగానే ఉన్నాను మావయ్యా" అనే ఒక్క మాటే మిగిలింది. తొమ్మిదో వారంలో వార్డెన్ ఫోన్ చేసి, పిల్ల అన్నం తినడం లేదు, వచ్చి తీసుకెళ్లండి అన్నారు. రావులపాలెంలో బస్సు దిగినప్పుడు ట్రంకు పెట్టె నేనే అందుకున్నాను. మూత మీద వాళ్ల నాన్న తెల్ల పెయింటుతో గుండ్రంగా రాసి పంపిన పేరు అలాగే ఉంది. దాని కింద స్కెచ్ పెన్నుతో సెక్షన్ అక్షరం రాసి, కొట్టేసి, పక్కన ఇంకోటి రాసి, దాన్నీ కొట్టేసి, మూడోది రాసి ఉంది.