భోగి పొద్దున టిఫిన్: వండినవాళ్లు ఎప్పుడు తింటున్నారు?

కోనసీమలో భోగి పొద్దున ఏ ఇంట చూసినా వరస ఒకటే. తెల్లవారుజామున నాలుగింటికి మంట. పిల్లలు నిద్రమొహాలతో పిడకల దండలు తెచ్చి అందులో వేస్తారు. ఆ తర్వాత నలుగుపిండి, తలంట్లు. కుంకుడుకాయ పులుసు కళ్లలో పడిందని ఏడ్చేవాళ్లు ఏడ్చి, కొత్త బట్టలు కట్టుకునేసరికి ఆరున్నర. అప్పుడు అందరూ ఒక్కసారే వంటింటి గుమ్మం దగ్గరికి చేరతారు. ఆకలి, ఆకలి.

లోపల ఉన్నవాళ్ల పరిస్థితి చూడండి. హైదరాబాద్ నుంచి బాబాయి వాళ్లు, విశాఖ నుంచి అత్తావాళ్లు దిగి ఉంటారు. మధ్యాహ్నానికి పులిహోర, గారెలు, బూరెలు, ముద్దపప్పు, రెండు కూరలు కావాలి. ఒక పొయ్యి మీద అప్పటికే పూర్ణానికి పచ్చిశనగపప్పు ఉడుకుతుంటుంది. మిగిలిన పొయ్యి మీద పెనం పెట్టి అట్లు మొదలుపెడతారు. పండగ రోజు టిఫిన్ ఆలస్యమయ్యేది ఇక్కడే. నా ఉద్దేశంలో ఇది చేసేవాళ్ల నేర్పు లోపం కాదు, ఎంచుకున్న వంటతో వచ్చిన చిక్కు.

లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఇంట్లో పన్నెండు మంది ఉన్నారనుకుందాం, మనిషికి మూడేసి అట్లు. మొత్తం ముప్పై ఆరు. ఒక్కో అట్టుకి రెండు నిమిషాలు పట్టినా గంటా పన్నెండు నిమిషాలు. అంతసేపూ ఒక మనిషి పెనం ముందు నుంచి కదలకూడదు. మొదటి అట్టు తిన్న పిల్లాడు చెయ్యి కడుక్కుని గాలిపటం పట్టుకుని పోయేసరికి చివరి అట్టుకి పిండి కూడా వెయ్యరు. ఆ చివరి అట్టు వేసిన మనిషిదే. చల్లారిపోయిన పచ్చడితో, నిలబడి, రెండు ముక్కలు తుంపి నోట్లో వేసుకుని మళ్లీ గారెల పప్పు రుబ్బడానికి వెళ్లిపోతుంది. మా అమ్మ అలాగే తినేది. మా పెద్దమ్మా అంతే. వాళ్లిద్దరూ పండగ పొద్దున కూర్చుని టిఫిన్ తినడం చిన్నప్పుడు నేను చూసిన గుర్తు లేదు.

అందుకే, పిల్లలతో కలిసి త్వరగా పండగ టిఫిన్ చెయ్యడం ఎలా అని ఎవరైనా అడిగితే నాకు మొదట తోచేది వంటకం పేరు కాదు. వండిన మనిషి కూడా అందరితో పాటు కూర్చుని వేడిగా తినగలిగిందా? కొలత అదే కావాలి. ఆ కొలతతో చూస్తే ఎన్ని నిమిషాల్లో అయిందన్నది ఒక్కటే సరిపోదు, ఆ నిమిషాలు ఎవరివన్నది కూడా చూడాలి. మన డెల్టా టిఫిన్లలో ఈ కొలతకి నిలిచేవి ఉన్నాయి. పైగా అవి పిల్లల చేతులు పడితేనే సులువయ్యేవి.

వాటిలో మొదటిది పొట్టిక్క. అంబాజీపేట వైపు టిఫిన్ హోటళ్లలో తిన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పనసాకులు నాలుగు కలిపి బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. కర్ణాటక తీరంలో కొట్టె కడుబు అని చేసేదీ ఇలాంటిదే. ఉడికేటప్పుడు ఆకు వాసన పిండికి పట్టేస్తుంది. మూత తియ్యగానే ఆ వాసన వరండా దాకా వస్తుంది. ఇడ్లీ పాత్రలో పట్టినన్ని పెట్టి మూత పెడితే ఇరవై, పాతిక నిమిషాలు. ఆ పాతిక నిమిషాలూ పొయ్యి దగ్గర ఎవరూ నిలబడక్కర్లేదు. అందరివీ ఒకేసారి దిగుతాయి, అందరూ ఒకేసారి తింటారు.

అయితే ఆ పొద్దుటి తీరిక ఊరికే రాదు, ముందురోజు పని చేసి పెట్టుకుంటేనే వస్తుంది. రెండు గ్లాసుల మినప్పప్పు, నాలుగు గ్లాసుల ఇడ్లీ రవ్వ పోస్తే ఇరవై పొట్టిక్కల దాకా అవుతాయి. అంటే ఎనభై ఆకులు. కొయ్యాలి, తుడవాలి, కుట్టాలి. ఈ పని కూడా ఆ ఇంటి ఇల్లాలి నెత్తినే వేస్తే మనం చేసిందేమీ లేదు, పొద్దుటి శ్రమని రాత్రికి జరిపామంతే. ఇది పిల్లల పని కావాలి. నిజానికి ఇంతకన్నా పిల్లలకి తగ్గ పని వంటింట్లో ఇంకోటి లేదు. పొయ్యి ఉండదు, కత్తి ఉండదు, తొందర ఉండదు.

నిరుడు భోగికి ముందురోజు సాయంత్రం మా అరుగు మీద అయిదుగురు పిల్లలు కూర్చున్నారు. ఆకులు మధ్యాహ్నమే కోసి పెట్టాం, కాస్త వాడితే పగలకుండా వంగుతాయని. తొడిమ దగ్గర కారిన పాలు వేళ్లకి అంటుకుంటే కొబ్బరినూనె రాసుకోమని చిన్న గిన్నె మధ్యలో పెట్టాను. నాలుగు ఆకుల తొడిమలూ బయటికి వచ్చేలా, కొసలు మధ్యలో ఒకదాని మీద ఒకటి పడేలా పరచాలి. తర్వాత పక్క పక్క ఆకుల అంచులు పైకి ఎత్తి, విరిచిన కొబ్బరి ఈనె ముక్క గుచ్చాలి. చెప్పడం ఇంత తేలిక, చెయ్యడం కాదు. ఎనిమిదేళ్ల మేనల్లుడు మొదటి బుట్ట కుట్టి చెంబుతో నీళ్లు పోసి చూశాడు. అడుగు నుంచి ధారగా కారింది.

"అత్తా, నాది కారిపోతోంది."

"కొసలు ఇంకా లోపలికి తొయ్యరా. ఒకదాని మీద ఇంకోటి ఎక్కాలి."

రెండోది కారింది. మూడోది బొట్లు బొట్లుగా కారింది. నాలుగోది నిలిచింది. పిండి చిక్కగా ఉంటుంది కాబట్టి నీళ్ల పరీక్ష అక్కర్లేదని నాకు తెలుసు. అయినా చెప్పలేదు. ఆ పరీక్ష వాడే పెట్టుకున్నాడు, నెగ్గాలని వాడే అనుకున్నాడు. రాత్రి ఎనిమిదిన్నరకి ఇరవై రెండు బుట్టలు పళ్లెంలో బోర్లించి తడిగుడ్డ కప్పాం. ఎవరి బుట్టలకి వాళ్లు ఈనెకి దారం కట్టుకున్నారు, పొద్దున గుర్తుపట్టడానికి.

పిండి విషయంలో సంక్రాంతి చలి గుర్తుపెట్టుకోవాలి. ఎండాకాలంలో ఆరేడు గంటల్లో పొంగే పిండి జనవరిలో పది, పన్నెండు గంటలు తీసుకుంటుంది. రాత్రి తొమ్మిదింటికి రుబ్బి పొద్దున ఆరింటికి పొంగలేదంటే అది చలికాలం తీరు. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకే గ్రైండర్ వేసి, గిన్నెకి దుప్పటి చుట్టి పొయ్యిగట్టు పక్కన పెట్టాలి. పిల్లలకి చూపించాల్సింది ఇక్కడే ఉంది. కాస్త పిండి గాజుగ్లాసులో సగానికి పోసి, పిండి ఎక్కడిదాకా ఉందో అక్కడ రబ్బరు బ్యాండు వెయ్యమనండి. పడుకునే ముందు ఒకసారి, మంటకి లేచినప్పుడు ఒకసారి చూస్తారు. మినప్పప్పుతో పాటు వచ్చే ల్యూకోనాస్టాక్ లాంటి సూక్ష్మజీవులు పిండిలో కార్బన్ డయాక్సైడ్ వాయువును వదులుతాయి. మినపరుబ్బులో ఉన్న జిగురు ఆ బుడగల్ని బయటికి పోనివ్వదు, అందుకే పిండి పైకి లేస్తుంది. బడిలో చదువుకునే మాటే. కానీ తన గ్లాసులో బ్యాండు దాటి పిండి లేచినప్పుడు ఆ మాట పిల్లల్లో నిలుస్తుంది.

రెడీమేడ్ పిండి కొంటే తప్పా అని అడుగుతారు. తప్పేమీ లేదు. మేమూ ఒక ఏడాది ముందురోజు కొనితెచ్చాం. అప్పటికే పొంగి పులిసిన పిండి రాత్రంతా బయట ఉండేసరికి పొద్దుటికి పిల్లలు ముద్ద మింగలేనంత పుల్లగా అయింది. కొన్న పిండిని ఫ్రిజ్‌లోనే ఉంచి పొద్దున తియ్యాలి, మాకు అది తోచలేదు. బుట్టలు మాత్రం కొన్న పిండికైనా కుట్టుకోవచ్చు. రాజమండ్రి, కాకినాడ అపార్ట్‌మెంట్లలో పనసాకు దొరకనివాళ్లు స్టీలు గ్లాసులకి లోపల నెయ్యి రాసి, అందులో పిండి పోసి ఉడికించినా పిల్లలకి సరదాగానే ఉంటుంది. ఆకు వాసన రాదు, అంతే తేడా.

పిండి కాస్త తక్కువ పొంగితే దిబ్బరొట్టె ఉంది. పాలకొల్లు, నరసాపురం వైపు దీని రుచి తెలిసినవాళ్లకి ఇది టిఫిన్ కాదు, పండగే. బూర్లెమూకుడులో నూనె వేసి, మినపరుబ్బు, బియ్యపు రవ్వ కలిపిన పిండి రెండంగుళాల మందాన పోసి మూత పెట్టి సన్నటి సెగ మీద వదిలెయ్యాలి. పై ఎర్రటి పెచ్చు కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. ఒక రొట్టె నలుగురికి వస్తుంది. కోసి ఇచ్చే పని పదేళ్లు దాటినవాళ్లకి అప్పగించవచ్చు. పెద్ద ముక్క ఎవరికి అనే తగువు వాళ్లే తీర్చుకుంటారు.

అయిదారేళ్లవాళ్లకి ఇంకా తేలికైనది కావాలంటే పొయ్యే వద్దు. అటుకులు కడిగి అయిదు నిమిషాలు వదిలేసి, అందులో పచ్చికొబ్బరి కోరు, తరిగిన బెల్లం, చక్కెరకేళి ముక్కలు కలపమనండి. అరటిపళ్లకి రావులపాలెం, కొబ్బరికి అంబాజీపేట ఉన్న నేలలో ఇందుకు వెతుక్కోవాల్సింది ఏమీ లేదు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఆవిరి పాత్ర మూత తియ్యడం, బెల్లం పాకం పట్టడం పిల్లల చేత చేయించకూడదు. మూత మన ముఖం వైపు కాకుండా అవతలివైపుకి ఎత్తాలన్నది పెద్దవాళ్లే మరిచిపోతుంటారు. పాకం మరిగే నీళ్ల కన్నా వేడిగా ఉంటుంది, పైగా ఒంటికి అంటుకుని ఊడిరాదు. పిల్లలకి పని ఇవ్వడమంటే అన్ని పనులూ ఇవ్వడం కాదు.

పిల్లలు దూరితే పని పెరుగుతుందనే మాట ప్రతి ఇంట్లో వింటాం. అందులో నిజం ఉంది. పొద్దున ఏడింటికి, అందరికీ ఆకలి మీదున్నప్పుడు, పిల్లాడి చేతికి అట్లకాడ ఇస్తే పనీ పెరుగుతుంది, టెన్షనూ పెరుగుతుంది. అందుకే వాళ్ల పని ముందురోజు సాయంత్రమే పెట్టాలంటాను. అప్పుడు పిండి ఒలికినా తుడుచుకునే ఓపిక ఉంటుంది. పొద్దున వాళ్లకి మిగలాల్సింది విస్తళ్లు వెయ్యడం, నీళ్లు పెట్టడం, పచ్చడి వడ్డించడం. మడి, నైవేద్యం పట్టింపు ఉన్న ఇళ్లలో దేవుడికి పెట్టేవి పెద్దవాళ్లు విడిగా చేసుకోవచ్చు. పిల్లలు కుట్టిన బుట్టలు పిల్లల టిఫిన్‌కి. ఈ రెంటికీ పేచీ లేదు.

తీపి గురించి కూడా ఒక మాట. పండగ టిఫిన్ అనగానే ఏదో తియ్యటిది ఉండాలనుకుంటాం. కానీ ఆ నాలుగు రోజులూ పిల్లల చేతిలో అరిసో, సున్నుండో, పూతరేకో ఉంటూనే ఉంటుంది. ఆహారంలో విడిగా కలిపే చక్కెరలు మొత్తం శక్తిలో పది శాతం లోపు ఉండాలని, అయిదు శాతం లోపు అయితే, అంటే పెద్దవాళ్లకి రోజుకి సుమారు 25 గ్రాములు, ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. బెల్లం కూడా ఆ లెక్కలోదే. మిగతా రోజంతా ఎలాగూ తీపే కాబట్టి పొద్దుటి పూట ఆవిరి మీద ఉడికినది, పక్కన అల్లం పచ్చడి, కొబ్బరి పచ్చడి ఉంటే ఒంటికి మేలు. బుట్ట విప్పుకుని తినడంలోనే పండగ ఉంది.

ఇంకొక్కటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఈ పని మగపిల్లలకీ ఇవ్వాలి. భోగి పొద్దున ఆడపిల్లలు ముగ్గులు వేస్తారు, గొబ్బెమ్మలు చేస్తారు, లోపలికి వచ్చి అమ్మకి సాయం చేస్తారు. మగపిల్లలు గాలిపటాలతో మేడెక్కుతారు. మగవాళ్లు కోడిపందేల బరుల వైపు వెళతారు. పెట్టే చేతిని గౌరవించే నేల మనది. లంకల గన్నవరంలో ఆకలన్నవాళ్లందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరును 2024లో బడి మధ్యాహ్న భోజనానికి పెట్టుకున్నాం. అలాంటి చోట, పెట్టే మనిషి తిన్నదా లేదా అని ఇంట్లో అడిగేవాళ్లు ఉండాలి. అడిగే అలవాటు చిన్నప్పుడే పడాలి. ఈనె గుచ్చిన పిల్లాడికి ఆ బుట్ట వెనక ఎంత పని ఉందో తెలుస్తుంది. వాడే పొద్దున "అత్తా, నువ్వు కూడా కూర్చో" అంటాడు. నిరుడు అన్నాడు.

ఆ పొద్దున మూత తీసినప్పుడు ఆకులు పచ్చదనం పోయి గోధుమరంగుకి తిరిగాయి. వాడు తన దారం వెతుక్కున్నాడు. నాలుగో బుట్టే. ఒక పక్క కాస్త పిండి పొంగి అంచు దాటింది కానీ కారలేదు. ఈనె లాగి ఆకు వెనక్కి మడిస్తే ఆకు ఈనెల గీతలన్నీ పొట్టిక్క మీద పడి ఉన్నాయి. మేం పదకొండు మంది ఒకే బంతిలో కూర్చున్నాం, మా అమ్మతో సహా. పచ్చడి వడ్డించింది మేనల్లుడూ, వాడి చెల్లెలూ.

ఈసారి భోగికి ఆకులు కోసే పని కూడా తనదేనని వాడు ఇప్పటికే ఫోన్ చేసి చెప్పాడు. ఎనభై చాలవు, వంద కొయ్యమన్నాను. కుట్టేటప్పుడు కొన్ని చిరుగుతాయి.