ఫైబరా, అల్యూమినియమా?

టెక్సాస్‌లోని లేక్ ఫోర్క్‌లో బాస్ చేపల వేటకు రెండు పాత పడవలు బేరానికొచ్చాయి. 2004 నాటి 20 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవకి 225 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ ఇంజిన్ ఉంది. 2015 నాటి 18 అడుగుల అల్యూమినియం పడవది 115 ఫోర్-స్ట్రోక్. ధర దాదాపు ఒకటే.

బావ: ఫోర్క్ అంటే 27 వేల ఎకరాల నీళ్లు. మధ్యాహ్నం గాలి లేస్తే బరువైన ఫైబర్ పడవ అలను కోసుకుంటూ పోతుంది. నీ రేకు పడవ ఎగిరెగిరి పడి నడుము విరగ్గొడుతుంది.

బావమరిది: గాలి సరే బావా, మోళ్ల సంగతేంటి? ఆనకట్ట కట్టినప్పుడు చెట్లు చాలాచోట్ల కొట్టకుండా వదిలేశారు. మార్కర్లున్న దారి దాటితే తగలక మానవు. అల్యూమినియానికి సొట్టతో పోతుంది. ఫైబర్‌కి గెల్‌కోట్, అదే పైనుండే నున్నటి పూత, లేచి లోపలి పోగు బయటపడితే అక్కణ్ణుంచి నీళ్లు పడతాయి.

బావ: సొట్ట పడ్డచోట అతుకు చిట్లదా? అడుగున నీళ్లు వదిలే రంధ్రానికి డ్రెయిన్ ప్లగ్ బిగించి, ట్రైలర్ మీదే లోపల నాలుగంగుళాలు నీళ్లు పెట్టు. అంతకు మించొద్దు, ట్రైలర్ మొయ్యాలి. కింద చెమర్చిన ప్రతిచోటా మార్కర్ పెన్నుతో గుర్తు పెట్టుకో.

బావమరిది: పెడతా. మరి నీ పడవ ట్రాన్సమ్, అదే ఇంజిన్ బిగించే వెనక గోడ, చూశావా? పాత ఫైబర్ పడవలు చాలావాటికి దాని లోపల ప్లైవుడ్డే. బోల్టు రంధ్రాల్లో సీలెంట్ ఎండిపోతే నీళ్లు దిగి చెక్క కుళ్లుతుంది. పైన గెల్‌కోట్ మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది, అందుకే మోసపోతారు. ఇంజిన్‌ని సగం పైకి లేపి, కింది భాగం మీద నీ బరువంతా వేసి ఊపు. నేను బ్రాకెట్ దగ్గర చూస్తుంటా. గోడ వెంట్రుకవాసి కదిలినా బేరం వద్దు. ప్లాస్టిక్ సుత్తితో తట్టినా తెలుస్తుంది: గట్టి చెక్క టంగుమంటుంది, కుళ్లిందైతే దబ్బుమంటుంది.

బావ: ఒప్పుకున్నా. కానీ ఇంజిన్ పరీక్ష నీదానికీ తప్పదు. వేడెక్కాక ఆపి, ఇగ్నిషన్ తప్పించి, స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్, అంటే సిలిండర్ లోపలి ఒత్తిడి, కొలవాలి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే అనుమానించు. ఆ తర్వాత ఇంజిన్ అడుగున గేర్లుండే పెట్టె, గేర్‌కేస్, కింది స్క్రూ కొంచెం వదులు చెయ్యి. పడవ రెండ్రోజులు కదలకుండా ఉంటే ముందు నీటిచుక్కే రాలుతుంది. ఆయిల్ పాల టీ రంగులో వచ్చిందంటే సీలు పోయినట్టే. స్క్రూకున్న అయస్కాంతానికి లోహపు పొడి పిండిలా అంటితే మామూలే, రేణువులు గరగరమంటే గేర్లు అరిగాయి.

బావమరిది: అన్నీ బాగున్నా నీదాన్ని లాగేదేది? ఇంజిన్, ట్రైలర్, బ్యాటరీలు, పెట్రోలు కలిపితే 4,000 పౌండ్ల దగ్గరికొస్తుంది. ఇంట్లో ఉన్న హోండా ఒడిస్సీ వ్యాన్ లాగేది 3,500. నా పడవైతే అన్నీ కలిపినా అంతకు చాలా తక్కువే.

బావ: ట్రాన్సమ్ గట్టిదని తేలితే పికప్ కొంటా. తేలకపోతే నీ పడవే. ఏదైనా సరే, టెక్సాస్‌లో ఇలా వెనక బయట బిగించే అవుట్‌బోర్డ్ ఇంజిన్‌కి టైటిల్, అదే యాజమాన్య పత్రం, వేరే ఉంటుంది, పడవదానితో పాటు అదీ తెమ్మను. ట్రాన్సమ్ కుడిపక్క పైన ఉన్న 12 అంకెల, అక్షరాల హల్ నంబరు, అంటే పడవ గుర్తింపు నంబరు, కాగితంతో సరిపోయాకే డబ్బు మాట ఎత్తు.