ప్రీపేమెంట్ మీటరు గారికి విన్నపం

మెట్లకింది అల్మారాలో, వాక్యూమ్ క్లీనరు వెనుక కొలువుతీరి, ముందు డబ్బు వేస్తేనే కరెంటు ఇచ్చే ప్రీపేమెంట్ మీటరు గారికి నమస్కారాలతో వ్రాయునది.

గుంటూరు నుంచో వరంగల్లు నుంచో పై చదువులకని వచ్చి లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో అద్దెకు దిగే మా కుర్రకారుకు విశ్వవిద్యాలయం వారు మొదటి వారంలో క్యాంపస్ పటమూ కరపత్రాలూ ఇస్తారు గానీ, మిమ్మల్ని మాత్రం పరిచయం చేయరు. ఆ పని మీరే చేసుకుంటారు, అదీ కుక్కరులో అన్నం సగం ఉడికిన వేళ చూసి.

మా ఊళ్ళలో కరెంటు ముందు కాలుతుంది, బిల్లు తరువాత వస్తుంది. రీడింగు తీసే అతను గుమ్మంలో నిలబడి చేతిమిషను నుంచి చీటీ చించి ఇస్తాడు, కట్టడానికి గడువు కూడా ఉంటుంది. తమ దగ్గర ఆ అరువు బేరం లేదు. ప్లాస్టిక్ కీని వీధి చివరి పేపాయింట్ దుకాణానికి తీసుకువెళ్ళి, పౌండ్లు వేయించి తెచ్చి తమకు సమర్పించుకుంటే తప్ప బల్బు వెలగదు.

తమ జ్ఞాపకశక్తి మరీ గొప్పది. పాత అద్దెదారు ఎగ్గొట్టి పోయిన బాకీని తాము మరవరు. వంటింటి సొరుగులో దొరికిన అతని కీనే వాడుకుందామనుకున్న అమాయకుడు, టర్ము రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదన్న వీసా షరతుకు లోబడి సంపాదించిన జీతంలోంచి, ముఖమైనా చూడని మనిషి అప్పును వారం వారం తీరుస్తూ ఉంటాడు. అందుకే తాళాలు చేతికందిన రోజునే తమ ముఖాన ఉన్న అంకెలను ఫోటో తీసి, ఆ ఇంటికి కరెంటు ఇచ్చే సంస్థకు కబురు చేసి, తన పేరిట కొత్త కీ తెప్పించుకున్నవాడే బతికి బట్టకడతాడు.

తమ దానగుణం గురించీ చెప్పాలి. డబ్బు నిండుకోగానే ఎమర్జెన్సీ క్రెడిట్ పేరిట కొన్ని పౌండ్లు చేబదులు ఇస్తారు. మరుసటి రోజు కీ పెట్టగానే ఆ చేబదులునూ, ఈలోపు పేరుకున్న స్టాండింగ్ ఛార్జీనీ ముందుగా మినహాయించుకుని, మిగిలిన చిల్లర మాకు చూపిస్తారు. ఒక్క దీపమూ వెలిగించకపోయినా కరెంటుకు రోజుకు సుమారు అర పౌండు పడే ఈ ఛార్జీ, సెలవులకు ఇంటికి వెళ్ళివచ్చినవాడికి గుమ్మంలోనే స్వాగతం పలుకుతుంది. పైగా, ముందే డబ్బు కట్టేవారి దగ్గరే ఈ ఛార్జీ ఎక్కువగా గుంజే విచిత్ర న్యాయం 2024 ఏప్రిల్‌లో ఇక్కడి ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ సరిచేసేదాకా సాగింది.

అయినా తమ ఘనకార్యాల్లో అతి పెద్దది స్నేహితుల మధ్య పెట్టిన తగవు. ఆరుగురు ఉండే ఇంట్లో కీ ఖాళీ అయినప్పుడల్లా అందరి వేలూ ఇడ్లీపిండి రుబ్బేవాడి వైపే తిరుగుతుంది, ఎందుకంటే నిడదవోలు నుంచి పెట్టెలో మోసుకొచ్చి ప్లగ్గు మార్చి పెట్టుకున్న ఆ గ్రైండరు చేసే చప్పుడు ఇల్లంతా వినబడుతుంది. నిజానికి 200 వాట్ల గ్రైండరు అరగంట తిరిగినా యూనిట్‌లో పదో వంతే కాలుతుంది. నోరెత్తకుండా గోడకు వేలాడే 9 కిలోవాట్ల ఎలక్ట్రిక్ షవరు కింద పది నిమిషాలు పాటలు పాడుకునే పెద్దమనిషి ఒకటిన్నర యూనిట్లు కాల్చి, తల తుడుచుకుంటూ వచ్చి గ్రైండరు మీద పంచాయితీకి కూర్చుంటాడు. ఖర్చు మాత్రం తిలాపాపం తలా పిడికెడు.

తమను వదిలించుకునే మార్గం లేకపోలేదు. బిల్లు తానే కట్టే అద్దెదారు సరఫరా సంస్థను మార్చుకోవచ్చు, నెలవారీ బిల్లు పద్ధతికి మార్చమని అడగవచ్చు. అయితే మీటరే మార్చాలంటే ఇంటి యజమానిని అడగవలసి రావచ్చు. సంస్థవారు క్రెడిట్ చరిత్ర చూస్తామనీ అనవచ్చు, నిన్నగాక మొన్న విమానం దిగినవాడికి చరిత్ర ఎక్కడిది? కనుక ఇల్లు చూడబోయేవారు పరుపు మెత్తగా ఉందా లేదా అని నొక్కి చూడడం మాని, సంతకానికి ముందే మెట్లకింది తలుపు తెరిపించి తమ దర్శనం చేసుకోవడం మేలు.

తెర మీద రెండు పౌండ్లే కనబడుతున్నాయి, దుకాణం కట్టేసే వేళయింది, కనుక ఇంతటితో ముగిస్తున్నాను.

ఇట్లు,
కీ జేబులో లేనిదే గడప దాటని
తమ విధేయుడు