పట్టేసిన ప్లగ్గు, కత్తిరించిన వీడియో

ఇంటి దగ్గరే కారు బాగుచేసుకోవడం ఎలాగో నేర్పే వీడియోలలో ఒక మహాద్భుతం జరుగుతూ ఉంటుంది. శాస్త్రజ్ఞులు దానిని ఇంతవరకు పట్టించుకోకపోవడం విచారకరం. బోధకుడు ఇంజను ముందు నిలబడి, పొడవాటి సాకెట్‌ను ఇంజనులో ఇంధనాన్ని రగిలించే స్పార్క్ ప్లగ్గు గొయ్యిలోకి దించి, దాన్ని తిప్పే రాచెట్ పిడి మీద చెయ్యి వేసి, "ఇప్పుడు దీన్ని విప్పేద్దాం" అంటాడు. మరుక్షణంలో ప్లగ్గు ఆయన అరచేతిలో ఉంటుంది. నడుమ ఏమి జరిగిందో మానవమాత్రులకు అంతుపట్టదు. భుజం బిగుసుకోలేదు, ఊపిరి ఆగలేదు, మర కిర్రుమనలేదు. ఏళ్ల తరబడి ఇంజను మంటలో కూర్చున్న ఉక్కు ముక్క, అరటిపండు ఒలిచినట్టు ఊడి వచ్చేసింది.

అయితే ఈ అద్భుతాన్ని ఆపి ఆపి చూసే దురలవాటు ఉన్నవారికి కొన్ని చిల్లర సందేహాలు కలుగుతాయి. సాకెట్ దించినప్పుడు బోధకుడి చొక్కా నీలం రంగుది; ప్లగ్గు చూపించేటప్పటికి బూడిద రంగుకు మారింది. మొదటి దృశ్యంలో బానెట్ మీద ఉదయపు ఎండ పడుతోంది. రెండో దృశ్యంలో ట్యూబ్‌లైటు వెలుగుతోంది, దాని చుట్టూ పురుగులు ముసురుతున్నాయి. అంతకు ముందు శుభ్రంగా ఉన్న కుడిచేతి కణుపులకు ఇప్పుడు కట్టు ఉంది, ఆ కట్టు మీద గ్రీజు మరక కూడా ఉంది. రాచెట్ సైతం పాతది కాదు. దీని పిడి రెండింతలు పొడవు. పక్కన పరిచిన గుడ్డ మీద ఒక సుత్తి, ఒక ఇనుప పైపు ముక్క, మూత పోయిన స్ప్రే డబ్బా కొత్తగా వెలిశాయి. వెనక గోడ వారగా ఎవరో అపరిచితుడు ఒదిగి నిలబడ్డాడు. కెమెరాకు చిక్కకూడదని ఆయన శాయశక్తులా ప్రయత్నించాడు గాని మోచేయి చిక్కింది. ఆ మోచేతి నలుపును బట్టి ఆయన వృత్తి రీత్యా మెకానిక్ అని, కబురు పెడితే వచ్చాడని నిర్ధారించవచ్చు. బోధకుడి గడ్డం కూడా కాస్త పెరిగిందని నా అనుమానం, కాని కొలవకుండా అభియోగం మోపడం న్యాయం కాదు. ఇన్ని సాక్ష్యాల నట్టనడుమ నిలబడి ఆయన ప్లగ్గును ముందుకు చాపి, చిరునవ్వుతో, "చూశారుగా, ఇంతే" అంటాడు.

చూడలేదు నాయనా. చూపించి ఉంటే చూసేవాళ్ళమే.

అచ్చు పుస్తకాలది ఇంతకన్నా పొదుపైన పద్ధతి. పై కవరు ఎలా తీయాలో, ప్లగ్గుకు కరెంటు అందించే కాయిల్ క్లిప్పును ఏ వైపు నొక్కాలో బొమ్మలతో సహా వివరించి, తీరా అసలు ఘట్టానికి వచ్చేసరికి "ప్లగ్గును తొలగించండి" అని ఊరుకుంటాయి. ఆ ప్లాస్టిక్ క్లిప్పు వేడికి పెళుసెక్కి, వేలు తగలగానే విరిగి, చేతికందని సందులో పడుతుందన్న సంగతి మాత్రం ఏ బొమ్మలోనూ ఉండదు.

ప్లగ్గు పక్షం కూడా వినడం ధర్మం. దాని ఒళ్ళు ఉక్కు. అది కూర్చున్న సిలిండర్ హెడ్డు, అంటే సిలిండర్ల పైమూత, ఇప్పటి కార్లలో దాదాపు అన్నింటికీ అల్యూమినియం. ఈ రెండు లోహాలు కలిసిన చోట తేమ చేరితే విద్యుత్ రసాయన చర్య మొదలై అల్యూమినియం క్రమంగా క్షయిస్తుంది, అలా పుట్టిన తెల్లటి పొడి మర చుట్ల సందుల్లో చేరి గట్టిపడుతుంది. కింది కొసన మసి పేరుకుంటుంది. వీటికి తోడు వెనకటి మనిషి బిగించి పోయిన బిగువు ఒకటి. 14 మిల్లీమీటర్ల మర, గ్యాస్కెట్ (సందు మూసే వాషరు) ఉన్న ప్లగ్గుకు అల్యూమినియం హెడ్డులో సుమారు 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. కాని సొంత భుజబలాన్నే కొలమానంగా నమ్మిన మహానుభావులు ఆ అంకెను అవమానంగా భావించి, అంతకు రెట్టింపు బిగించి, చేతులు దులుపుకొని వెళ్ళారు. పైగా ఇరిడియం కొస ఉన్న ప్లగ్గులను చాలా కార్లలో లక్ష కిలోమీటర్ల దాకా కదిలించనే అక్కరలేదు. అంతకాలం ఎవరూ పలకరించని వస్తువు పిలవగానే లేచి రావాలనుకోవడం దురాశ. మొండివాడు రాజు కన్నా బలవంతుడని పెద్దలు ఊరికే అనలేదు.

ఈ మొండితనానికి విరుగుడుగా అందరూ స్ప్రే డబ్బాను ఆశ్రయిస్తారు. వీటిలో జగత్ప్రసిద్ధమైన డబ్ల్యూడీ-40 పుట్టింది 1953లో, లోహం నుంచి నీటిని తరిమేయడం కోసం. నలభయ్యో ప్రయత్నంలో కుదిరింది గనుక పేరులో ఆ అంకె నిలిచింది. అమెరికా వారి అట్లాస్ క్షిపణి తొడుగును తుప్పు నుంచి కాపాడిన ద్రవం బోడి ప్లగ్గును కదిలించలేదా అని ఎవరైనా అడగవచ్చు. దానికైనా, పట్టేసిన మరల కోసమే ప్రత్యేకంగా చేసిన నూనెలకైనా కావలసింది వ్యవధి. వెంట్రుక పట్టని సందుల్లోకి ద్రవం తనంతట తాను పాకాలి. రాత్రంతా నాననిస్తే గాని ఫలితం ఉండదు. రాత్రంతా నానడం పది నిమిషాల వీడియోలో ఇమడదు. కనుక బోధకుడు భక్తిశ్రద్ధలతో చల్లి, ఆ తడి కిందికి దిగకముందే విప్పేస్తాడు.

వేడి ఇంజనులో తీయాలనే మతం, చల్లారాకే తీయాలనే మతం రెండు ఉన్నాయి. మొదటివారి చేతిలో లెక్క ఉంది: వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, కాబట్టి రంధ్రం సడలుతుంది. రెండోవారి చేతిలో అనుభవం ఉంది: వేడి మీదున్న అల్యూమినియం మెత్తబడి, దాని మరలు ప్లగ్గుతో పాటే ఊడి వస్తాయి. తయారీదారులు సాధారణంగా రెండోవారి పక్షమే వహిస్తారు. మన బోధకుడు ఈ వివాదంలో తలదూర్చడు. ఇంజను వేడిగా ఉందో చల్లగా ఉందో ఆయనకు అక్కరలేదు, ఎందుకంటే ఆ ప్లగ్గు ముందు రోజే ఊడదీసి, వేళ్ళతో తిరిగి నిలబెట్టినది.

కత్తిరించిన ముక్కలో ఏముంటుందో ఈ పని చేసేవారందరికీ తెలుసు. ముందుగా గొయ్యిలోని ఇసుకను, ఎండుటాకుల పొడిని గాలితో ఊదేయాలి. లేకపోతే ప్లగ్గు వచ్చాక అదంతా సిలిండర్‌లోకి రాలుతుంది. సాకెట్ నిటారుగా కూర్చోవాలి. రవ్వంత వంకర పోయినా ప్లగ్గులోని పింగాణీ పగులుతుంది. పిడి మీద బలం మెల్లగా పెంచుతూ పోతే ఒక దశలో టక్కుమంటుంది. అప్పుడు గుండె కూడా ఒక లిప్తపాటు ఆగుతుంది, ఎందుకంటే మర వదిలినప్పటి శబ్దమూ ప్లగ్గు మెడ తెగినప్పటి శబ్దమూ చెవికి ఇంచుమించు ఒకటే. వదిలిందని తేలినా ఆత్రపడడానికి లేదు. కాస్త తిరిగి, కిర్రుమని మళ్ళీ పట్టేస్తే, అక్కడే ఆపి, వెనక్కి బిగించి, మరి రెండు చుక్కలు నూనె వేసి, ఊరికే కూర్చోవాలి. మళ్ళీ పావు చుట్టు ముందుకు, మళ్ళీ వెనక్కి. చూసేవారికి ఇందులో వినోదం లేదు. కాని ఎంత బలం దగ్గర చెయ్యి ఆపాలి, ఏ కిర్రుకు భయపడాలి, ఏ కిర్రుకు భయపడనక్కరలేదు అనేది ఇక్కడ తప్ప ఎక్కడా దొరకదు.

దాన్నే తీసి పారేశారు. చూసిన మనిషి నమ్మకంతో బానెట్ ఎత్తుతాడు. వీడియోలో వచ్చినట్టు రాకపోయేసరికి లోపం తన చేతుల్లోనే ఉందనుకుంటాడు. పిడికి పైపు తగిలించి బలం కొద్దీ గుంజుతాడు. ప్లగ్గు పై భాగం తెగి చేతికి వస్తుంది, మరలున్న భాగం హెడ్డులోనే ఉండిపోతుంది. దాన్ని లాగడానికి ఎక్స్‌ట్రాక్టర్ దించితే, పదును పెట్టిన గట్టి ఉక్కు గనుక అది వంగదు, పుటుక్కున విరుగుతుంది. విరిగిన ఆ ముక్కను మామూలు డ్రిల్లు కొరకలేదు. ఇక హెడ్డు దింపవలసిందే. కారు కదలదు, ఆ కారు మీద బతికేవాడైతే ఆ ఇల్లూ గడవదు. ఇలా జరుగుతుందని బోధకుడికి తెలియదా? తెలుసు. ఆయనకూ జరిగింది, జరిగిన ఆ ముక్కనే కోసేశాడు. తెలియక చెప్పకపోతే అజ్ఞానమని సరిపెట్టుకోవచ్చు. తెలిసి దాచి, పైగా "చిన్నపిల్లలైనా చేయగలరు" అనడం పచ్చి మోసం. ఇంకొకడు మరీ తెగించి, రాని ప్లగ్గు చుట్టూ మంట పెట్టమంటాడు; పెట్రోలు గొట్టం జానెడు దూరంలో ఉందని ఒక్క మాట అనడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. కాలేది చెప్పేవాడి ముఖం కాదుగా!

ఎలాగో ప్లగ్గు వచ్చిందనుకుందాం. కొత్తది పెట్టడానికి పుస్తకాలలో మళ్ళీ ఒక్కటే వాక్యం: తీసిన క్రమానికి వ్యతిరేక క్రమంలో బిగించండి. అక్షరాలా పాటించదలచినవారు ముందుగా కింద ఒలికిన నూనెను డబ్బాలోకి ఎక్కించి, ఇంటిల్లిపాది ఎదుట నోరు జారిన మాటలను తిరిగి మింగి, ఆ తరువాత పనిలోకి దిగవలసి ఉంటుంది. వీడియోలలో మాత్రం ఈ ఘట్టాన్ని ఒక్క కోత లేకుండా, సంగీతంతో, రెండు వైపుల నుంచి చూపిస్తారు. మొదటి చుట్లు వేళ్ళతోనే తిప్పాలి. కొత్త గ్యాస్కెట్ ఉన్న ప్లగ్గు ఆనిన తరువాత అర చుట్టు, మహా అయితే మూడింట రెండు వంతుల చుట్టు తిప్పితే చాలు. బిగువును కొలిచి బిగించే టార్క్ రెంచి ఉంటే ఆ అంచనా కూడా అక్కరలేదు. బోధకుడి టార్క్ రెంచి వెనక గోడకు, మేకు మీద, మెరుస్తూ వేలాడుతోంది. ఆయన రాచెట్‌తోనే ఆనేదాకా తిప్పి, "ఎందుకైనా మంచిది" అంటూ పళ్ళు బిగించి, భుజం మొత్తం మోపి, ఇంకొక్క గుంజు గుంజుతాడు.